తెల్ల చుక్కలు పోయి మళ్ళీ వచ్చాయంటే: అక్వేరియం చేపల పరాన్నజీవులను గుర్తుపట్టడం, మందు వేయడం

మీరు రాసినదాన్ని, పంపిన ఫోటోలను బట్టి నాకు అర్థమైంది ఇది. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న మంచినీటి ట్యాంకు. అందులో ఏంజెల్ చేపలు, మోలీలు, కోరిడోరాలు, రెండు క్లౌన్ లోచ్‌లు ఉన్నాయి. మూడు వారాల కిందట కొత్త మోలీలు తెచ్చి నేరుగా ట్యాంకులో వదిలారు. కొన్నాళ్ళకు చేపలు రాళ్ళకు ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టాయి, రెండు మోలీల మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపించాయి. వైట్ స్పాట్ మందు మూడు రోజులు వేశారు, చుక్కలు మాయమయ్యాయి, ఆపేశారు. ఐదారు రోజులకు అంతకంటే ఎక్కువగా తిరిగొచ్చాయి. టెన్షన్‌తో ఇంకో మందు, దాని మీద ఒక యాంటీబయాటిక్ కూడా వేశారు. నాలుగు చేపలు చనిపోయాయి. ఇప్పుడు ఒక ఏంజెల్ చిక్కిపోయి, తెల్లగా దారంలాంటి మలం వేస్తోంది. ఇది ఏ పురుగు, ఏ మందు వేయాలి అని మీ ప్రశ్న.

నా అంచనా చెప్తాను. ఒంటి మీద ఉన్నది ఇక్, అంటే వైట్ స్పాట్. ఏంజెల్‌కు ఉన్నది దానికి సంబంధం లేని వేరే సమస్య, కడుపులోది. మీరు మొదట వేసిన మందు సరైనదే. ఆపిన రోజే సరైనది కాదు. ఎందుకో కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే పరాన్నజీవి బతుకు ఎలా సాగుతుందో తెలియకుండా మందు వేస్తే మంచి మందు కూడా పనిచేయదు.

అంతకంటే ముందు ఈ రాత్రి చేయాల్సిన పని ఒకటుంది. కొత్త మందు ఏదీ వేయకండి. క్లోరిన్ తీసేసిన, అదే వేడిలో ఉన్న నీటితో మూడో వంతు మార్చండి. ఫిల్టర్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి ఒక రోజు నడపండి, మిగిలిన మందులను చాలావరకు అది లాగేస్తుంది. గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ ఇంకొకటి వేయండి. తర్వాత అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష చేయండి. రెండూ సున్నా ఉండాలి. యాంటీబయాటిక్ వేసిన ట్యాంకులో, చేపల వ్యర్థాలను శుద్ధి చేసే ఫిల్టర్ బ్యాక్టీరియా దెబ్బతిని అమ్మోనియా పెరిగి ఉండొచ్చు. అమ్మోనియా మొప్పలను మండిస్తుంది, అప్పుడు కూడా చేపలు ఒళ్ళు రుద్దుకుంటాయి, పైకొచ్చి నోరు తెరుస్తాయి. చూడడానికి అచ్చం పరాన్నజీవి పట్టినట్టే ఉంటుంది. పురుగు లేని చేపకు పురుగుల మందు వేసి చంపుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

నీటి సమస్యనూ పరాన్నజీవినీ విడదీయడానికి నేను ముందు చూసేది వేగం. కొన్ని గంటల్లోనే ట్యాంకులోని చేపలన్నీ ఒకేసారి తేడాగా ప్రవర్తిస్తే నీటిని అనుమానిస్తాను. ఇవాళ ఒకటి, రెండు రోజులకు ఇంకొకటి, వారానికి నాలుగు అన్నట్టు పాకితే అంటుకునే జబ్బును అనుమానిస్తాను. తెల్లవారుజామున మాత్రమే పైకొచ్చి గుటకలు వేసి, లైటు వేసిన కొన్ని గంటలకు మామూలైతే, అది మొక్కలు ఎక్కువున్న ట్యాంకులో రాత్రి ఆక్సిజన్ తగ్గడం కావచ్చు. మీ ట్యాంకులో జరిగింది మాత్రం పాకినట్టే ఉంది.

ఇప్పుడు ఇక్ గురించి. దీని పూర్తి పేరు ఇక్తియోఫ్థీరియస్ మల్టిఫిలిస్. 1876లో ఫూకే అనే ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు ఇది. చాలామంది పిల్లలున్న చేప పేను అని అర్థం. నిజానికి పేను కాదు, ఒంటినిండా సన్నటి కేశాలున్న ఏకకణ జీవి. కానీ చాలామంది పిల్లలు అన్న మాట మాత్రం అక్షరాలా నిజం, మీ ట్యాంకులో జరిగిందంతా అందులోనే ఉంది.

మీకు కనిపించే తెల్ల చుక్క చేప చర్మం పైపొర కింద కూర్చుని తింటున్న జీవి. అది చర్మం మీద కాదు, చర్మం కింద ఉంది. అందుకే నీళ్ళలో మీరు వేసిన మందు దాన్ని తాకదు. కడుపునిండా తిని ఒక మిల్లీమీటరు దాకా పెరిగాక చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. కాసేపు ఈది గులకరాయికో, ఆకుకో, అద్దానికో అంటుకుని చుట్టూ ఒక గట్టి తొడుగు కట్టుకుంటుంది. ఆ తొడుగులోకి కూడా మందు దిగదు. లోపల రెండు, నాలుగు, ఎనిమిది అంటూ విడిపోయి వందల పిల్లలవుతుంది, కొన్నిసార్లు వెయ్యి దాకా. తొడుగు పగిలి ఆ పిల్లలు నీళ్ళలోకి వచ్చి చేపను వెతుక్కుంటాయి. వెచ్చటి నీళ్ళలో వాటికున్న గడువు ఒకటి రెండు రోజులే, ఆలోపు చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. మందు వీటిని చంపేది ఈ ఒక్క దశలోనే.

ఈ చక్రమంతా 25, 26 డిగ్రీల దగ్గర సుమారు వారంలో పూర్తవుతుంది. చల్లటి నీళ్ళలో, 10 డిగ్రీల దగ్గర, నెల దాటుతుంది. ఇప్పుడు మీ మూడు రోజులను చూడండి. మూడో రోజు చుక్కలు మాయమయ్యాయి, అంటే అవి చేపను వదిలి నేల మీద తొడుగు కట్టుకున్నాయి. మీరు చూసి సంతోషించి మందు ఆపారు. మరుసటి రోజుల్లో తొడుగులు పగిలి వందలుగా పిల్లలు వచ్చేసరికి నీళ్ళలో మందు లేదు. చుక్కలు పోవడం ఈ జబ్బులో నయమైనట్టు గుర్తు కాదు. నేను ఆఖరి చుక్క పోయిన తేదీ కాగితం మీద రాసుకుని, అక్కణ్ణుంచి ఇంకో వారం చికిత్స నడుపుతాను.

ఇది ఇక్కేనా అన్న సందేహం తీర్చుకోవడానికి డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. చేపను రోజూ ఒకే వైపు నుంచి ఫోటో తీయండి. ఇక్ చుక్క ఒకే చోట ఎక్కువకాలం ఉండదు. వెచ్చటి నీళ్ళలో నాలుగైదు రోజులకల్లా ఆ చోటు ఖాళీ అవుతుంది, కొత్త చోట్ల కొత్త చుక్కలు వస్తాయి. రెండు మూడు వారాలైనా అదే చోట అదే చుక్క ఉందంటే అది ఇక్ కాదు. రెక్కల అంచున క్యాలీఫ్లవర్‌లా గుత్తి కట్టి నెలల తరబడి ఉంటే లింఫోసిస్టిస్ అనే వైరస్ గడ్డ కావచ్చు, దానికి మందు లేదు, చాలాసార్లు దానంతట అదే తగ్గుతుంది. గోల్డ్‌ఫిష్ మగచేపలకు మొప్పల మూత మీద, ముందు రెక్కల అంచున వరసగా వచ్చే తెల్ల చుక్కలు గుడ్ల కాలపు గుర్తులు, జబ్బే కాదు. ఇక్ చుక్కలు దాదాపు ఒకే సైజులో ఉప్పు రవ్వల్లా ఉంటాయి. చిన్నా పెద్దా కలిసి, పైకి పొడుచుకొచ్చినట్టు, ముఖ్యంగా కళ్ళ మీదా పుండ్ల మీదా ఉంటే ఎపిస్టైలిస్ అనే మరో సూక్ష్మజీవిని అనుమానించాలి. అది చేపను తినదు, చేప మీద స్థిరపడి నీళ్ళలోని బ్యాక్టీరియాను తింటుంది. నీళ్ళు మురికిగా ఉన్నాయని చెప్పే గుర్తు అది.

చుక్కల్లా కాకుండా పసుపు దుమ్ము చల్లినట్టు ఉంటే అది వెల్వెట్ అనే ఇంకో పరాన్నజీవి జబ్బు. గదిలో లైట్లన్నీ ఆపి, టార్చి వెలుగు చేప ఒంటి మీద ఏటవాలుగా పడేలా పట్టండి. బంగారు పొడిలా మెరుస్తుంది. పగటి వెలుతురులో ఎదురుగా చూస్తే అస్సలు కనిపించదు. రెక్కలు ముడుచుకుని, వేగంగా ఊపిరి పీలుస్తూ, ఒంటి మీద ఏమీ కనిపించని చేపకు ఈ టార్చి పరీక్ష తప్పకుండా చేయాలి. ఇక్ కంటే త్వరగా చంపుతుంది, పిల్ల చేపలనైతే మరీ. దీనికి రాగి ఆధారిత మందులు పనిచేస్తాయి. కానీ మెత్తని నీళ్ళలో, అంటే ఖనిజాలు తక్కువున్న నీళ్ళలో, రాగి చేపకే విషమవుతుంది. రొయ్యలనూ నత్తలనూ ఎలాగూ చంపుతుంది. రాగి కొలిచే టెస్ట్ కిట్ లేకుండా రాగి వాడొద్దు అని నా గట్టి మాట. వెల్వెట్ జీవికి మొక్కల్లా వెలుతురుతో ఆహారం తయారుచేసుకునే శక్తి కొంత ఉంది కాబట్టి ట్యాంకును చీకటిగా ఉంచడం మందుకు తోడు బలం.

మళ్ళీ మీ ట్యాంకుకు వద్దాం. అందులో లోచ్‌లు, కోరిడోరాలు ఉన్నాయి. లోచ్‌లకు పొలుసులు చాలా సన్నం, కోరిడోరాలకు మామూలు పొలుసులు ఉండవు. వైట్ స్పాట్ మందుల్లో ఉండే మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ లాంటివి వీటికి త్వరగా పడవు. చాలా మందుల సీసాల మీద ఇలాంటి చేపలకు సగం డోసు అని రాసి ఉంటుంది. మీరు 200 లీటర్ల డోసు వేశానన్నారు. లెక్క చూడండి. 90ని 45తో, దాన్ని నీళ్ళ ఎత్తు 40తో గుణిస్తే 1,62,000 ఘన సెంటీమీటర్లు, అంటే 162 లీటర్లు. గులకరాళ్ళు, కర్ర ముక్కలు తీసేస్తే ట్యాంకులో నిజంగా ఉన్న నీళ్ళు 140 లీటర్ల చుట్టుపక్కల. మీరు వేసింది దాదాపు ఒకటిన్నర రెట్లు. దాని మీద రెండో మందు. చనిపోయిన నాలుగింటిలో రెండు కోరిడోరాలే అన్నారు కదా, వాటి మీద చుక్కలు పెద్దగా లేవని కూడా రాశారు. బాధ పెట్టడానికి చెప్పడం లేదు. మిగిలినవాటిని కాపాడుకోవాలంటే ఈ లెక్క ముందు సరిచేసుకోవాలి.

ఇప్పటికే ఇంత మందు తాగిన చేపలకు నేనైతే మలకైట్ గ్రీన్ లాంటి రంగు మందులు మళ్ళీ వేయను. వేడి, ఉప్పుతో మొదలుపెడతాను. అమ్మోనియా, నైట్రైట్ సున్నా అయ్యాక హీటర్‌ను కొన్ని గంటలకు ఒక డిగ్రీ చొప్పున పెంచుతూ 30 దాకా తీసుకెళ్ళండి. ఆ వేడిలో ఇక్ రకాలు చాలావరకు పెరగలేవు. వెచ్చటి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 దగ్గర 7.5 మాత్రమే పడుతుంది. అసలే మొప్పలు దెబ్బతిన్న చేపలకు ఆ తేడా పెద్దది, కాబట్టి ఎయిర్ స్టోన్ ఒక్క గంట కూడా ఆగకూడదు. ఉప్పు లీటరుకు 2 గ్రాములు, అంటే మీకు 280 గ్రాములు. ఒకేసారి వేయకుండా మూడు భాగాలు చేసి, పన్నెండు గంటలకు ఒక భాగం చొప్పున, విడిగా నీళ్ళలో కరిగించి పోయండి. మామూలు సోడియం క్లోరైడే కావాలి, ఎప్సమ్ సాల్ట్ వేరే పదార్థం. ఉప్పు ఆవిరైపోదు, కాబట్టి 40 లీటర్లు మారిస్తే ఆ 40కి సరిపడా 80 గ్రాములే మళ్ళీ కలపాలి. నీళ్ళు మార్చిన ప్రతిసారీ 280 వేస్తే కొద్ది రోజుల్లో ప్రమాదం. సున్నితమైన మొక్కలు ఉంటే అవి దెబ్బతింటాయని ముందే తెలుసుకోండి.

రోజు విడిచి రోజు సైఫన్‌తో గులకరాళ్ళ లోపలిదాకా మురికి లాగండి. ఇది శుభ్రత కోసం మాత్రమే అనుకోకండి, ఆ మురికితో పాటు తొడుగు కట్టుకున్న ఇక్ చాలా బయటికి పోతుంది. నాలుగైదు రోజులకు కూడా కొత్త చుక్కలు తగ్గకపోతే మీకు దొరికింది వేడి తట్టుకునే రకమని అర్థం. అప్పుడు వేడిని 26కి దించి, మందుకు మారండి, 140 లీటర్లకు సగం డోసుతో, సీసా మీద రాసినన్ని రోజుల వ్యవధితో. మందు వేసేటప్పుడు కార్బన్ తీసేయాలి, యూవీ లైటు ఆపాలి. ఫార్మలిన్ ఉన్న మందైతే నీళ్ళలోని ఆక్సిజన్‌ను అదే కొంత తినేస్తుంది, వెచ్చటి నీళ్ళలో దాని విషం కూడా ఎక్కువ. 30 డిగ్రీల నీళ్ళలో ఫార్మలిన్ వేయొద్దు. సీసా అడుగున తెల్లటి పొడి పేరుకుని ఉంటే ఆ సీసా వాడకండి, ఆ తెల్ల పదార్థం చేపలకు ఇంకా విషం. ఆవిరి మీకూ మంచిది కాదు, కిటికీ తెరిచి, గ్లవ్స్ వేసుకుని పోయండి. మలకైట్ గ్రీన్ విషయంలోనూ అంతే. తినే చేపలకు దాన్ని చాలా దేశాల్లో నిషేధించారంటే కారణం ఉంది.

వేడి పెంచడం గురించి ఒక హెచ్చరిక. ఇది నా అనుభవం. చాలా ఏళ్ళ కిందట నా మోలీల నోటి చుట్టూ, వీపు మీద తెల్లటి మచ్చలు వచ్చాయి. ఇక్ అనుకుని వేడి 30 చేశాను. రెండు రోజుల్లో పదకొండు చేపలు పోయాయి. అది కాలమ్‌నారిస్, బ్యాక్టీరియా జబ్బు. వేడి పెరిగేకొద్దీ అది మరింత వేగంగా చంపుతుంది. ఆ రోజు నేను దగ్గరగా చూసి ఉంటే తేడా కనిపించేది. ఇక్ రవ్వలా గుండ్రంగా, అంచు స్పష్టంగా ఉంటుంది. కాలమ్‌నారిస్ దూదిలా, బూజులా, అంచు చెదిరినట్టు ఉంటుంది, నోటి దగ్గరో, వీపు మీద జీను వేసినట్టో వస్తుంది. ఆ పదకొండు చేపల తర్వాతే మైక్రోస్కోపు కొన్నాను. అందుకే మీ ఫోటోలను మూడుసార్లు పెద్దవి చేసి చూశాక గానీ వేడి పెంచమని రాయలేదు. మీ మోలీల మీద ఉన్నవి స్పష్టమైన రవ్వలే.

ఇక చిక్కిపోయిన ఏంజెల్. తెల్లటి దారంలాంటి మలం ఒక్కసారి కనిపిస్తే కంగారు లేదు, చేప తినకపోయినా అలాగే వస్తుంది, పేగుల్లోని జిగురు మాత్రమే బయటికొస్తుంది. రోజుల తరబడి అలాగే ఉండి, ఒళ్ళు నల్లబడి, మూలకు చేరి, నోట్లోకి తీసుకున్న మేత ఉమ్మేస్తుంటే రెండు అనుమానాలు. ఒకటి స్పైరోన్యూక్లియస్, హెక్సామిటా లాంటి కశాభ జీవులు, అంటే సన్నటి తోకలతో ఈదే ఏకకణ జీవులు, ఏంజెల్, డిస్కస్, ఆస్కార్ చేపల పేగుల్లో ఇవి మామూలు. తక్కువ సంఖ్యలో ఉన్నప్పుడు చేప తట్టుకుంటుంది, ఒత్తిడికి గురైతే ఇవి పెచ్చుమీరతాయి. మీ ట్యాంకులో ఈ మూడు వారాల గందరగోళమే ఆ ఒత్తిడి అయ్యుండొచ్చు. రెండోది క్యాపిలేరియా అనే సన్నటి దారపు పురుగు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, మందులు మాత్రం వేరు. మొదటిదానికి మెట్రోనిడజోల్, రెండోదానికి లెవమిసోల్ గానీ ఫెన్‌బెండజోల్ గానీ. మెట్రోనిడజోల్ పురుగులను చంపదు, పురుగుల మందు కశాభ జీవులను చంపదు.

తేల్చుకోవాలంటే తాజా మలం చుక్క నీటిలో కలిపి మైక్రోస్కోపు కింద చూడాలి. క్యాపిలేరియా గుడ్డు పీపాలా ఉండి రెండు చివరలా బిరడా పెట్టినట్టు ఉంటుంది, ఒకసారి చూస్తే మర్చిపోరు. కశాభ జీవులు చాలా చిన్నవి, 400 రెట్లు పెంచితే గుంపులుగా గజిబిజిగా పరిగెత్తుతూ కనిపిస్తాయి. ఆ అవకాశం లేకపోతే, ఏంజెల్ విషయంలో ముందు మెట్రోనిడజోల్‌తో మొదలుపెట్టడం సబబు. చేప ఇంకా తింటుంటే మందు మేతలో వెళ్ళడమే మేలు: 10 గ్రాముల మేతకు 100 మిల్లీగ్రాములు, జెలటిన్‌తో కలిపి గడ్డకట్టించి, ఐదు రోజులు. తినడం మానేస్తే 40 లీటర్ల వేరే ట్యాంకులోకి మార్చి, రోజుకు 250 మిల్లీగ్రాములు ఐదు రోజులు, ప్రతి డోసు ముందు కొంత నీరు మార్చి. ఇది నీళ్ళలో సులువుగా కరగదు, కాస్త గోరువెచ్చని నీటిలో బాగా కలిపి పోయాలి. చేపలు చూసే పశువైద్యులు అందుబాటులో ఉంటే ఈ మందులు వారి సలహాతోనే వాడండి. అవసరం లేకుండా పదేపదే వాడితే అసలు అవసరమైన రోజున మందు పనిచేయకుండా పోతుంది. ఏంజెల్‌ను వేరే ట్యాంకులోకి మారిస్తే ఇక్ దానితో పాటే వస్తుంది, కాబట్టి అక్కడ కూడా 30 డిగ్రీల వేడి ఉంచండి.

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. రెండు మందులూ సరిగ్గా వాడినా చేప చిక్కిపోతూనే ఉంటే, వెన్ను వంగుతుంటే, అది చేపల క్షయ కావచ్చు. దానికి ఇంట్లో చికిత్స లేదు. ఆ బ్యాక్టీరియా చేతి మీది గాయం ద్వారా మనుషులకూ అంటుతుంది. చేతికి కోత ఉన్నప్పుడు ట్యాంకులో చేయి పెట్టకండి.

చుక్కలేమీ లేకుండా నెలల తరబడి రుద్దుకునే చేపల సంగతి కూడా రాస్తాను, ఎందుకంటే మీ క్లౌన్ లోచ్‌లు ఇక్ రాకముందు నుంచే అప్పుడప్పుడు రుద్దుకునేవని రాశారు. దీని వెనక చాలాసార్లు ఫ్లూక్స్ అనే అతి చిన్న చదును పురుగులు ఉంటాయి. చర్మాన్ని పట్టేది గైరోడాక్టిలస్, మొప్పలను పట్టేది డాక్టిలోగైరస్. ఒక మొప్ప మూత మూసుకుని ఒక్కదానితోనే ఊపిరి తీసుకునే చేపను చూస్తే నాకు ముందు గుర్తొచ్చేవి ఇవే. వీటికి ప్రాజిక్వాంటెల్ మంచి మందు, లీటరుకు 2 నుంచి 3 మిల్లీగ్రాములు, మీ ట్యాంకుకు 350 మిల్లీగ్రాముల చొప్పున. చేపల మీద సున్నితంగా ఉంటుంది, ఫిల్టర్‌కు పెద్దగా హాని లేదు. ఇక్కడ కూడా అదే పాఠం. గైరోడాక్టిలస్ పిల్లలను కంటుంది, కాబట్టి ఒక డోసుకే చాలావరకు పోతుంది. డాక్టిలోగైరస్ గుడ్లు పెడుతుంది, గుడ్డును మందు ఏమీ చేయలేదు. గుడ్లు పొదిగి పిల్లలు వచ్చాక, అవి పెరిగి మళ్ళీ గుడ్లు పెట్టకముందే రెండో డోసు పడాలి. వెచ్చటి ట్యాంకులో వారానికి ఒకటి చొప్పున మూడు డోసులు వేస్తాను. అయితే ఇప్పుడే వేయకండి. ముందు ఇక్ సంగతి తేలనివ్వండి, ఒక్కసారి ఒక్క సమస్య.

మైక్రోస్కోపు గురించి ఇందాకటి నుంచి అంటున్నాను. పిల్లలు చదువుకు వాడే మామూలుదైనా చాలు, 40, 100, 400 రెట్లు చూపిస్తే సరిపోతుంది. తడి చేతులతో చేపను మెత్తగా పట్టుకుని, ముందు రెక్క వెనక, తల నుంచి తోక వైపు కవర్ స్లిప్ అనే పలుచటి గాజు ముక్క అంచుతో ఒక్కసారి సుతారంగా జిగురు తీయాలి. ట్యాంకు నీళ్ళు ఒక చుక్క వేసి, నిమిషాల్లోనే చూడాలి. చచ్చి గంటలైన చేప మీద చూసి ఏమీ లేదనుకోవద్దు, చేప చావగానే చాలా పరాన్నజీవులు దాన్ని వదిలిపోతాయి. ఇక్ అయితే పెద్ద నల్లటి బంతిలా మెల్లగా దొర్లుతూ, లోపల గుర్రపు నాడా ఆకారంలో కేంద్రకం కనిపిస్తుంది. ట్రైకోడైనా అనే ఇంకో పరాన్నజీవి పళ్ళ చక్రంలా గిరగిరా తిరుగుతుంది, అది ఎక్కువగా ఉందంటే నీళ్ళలో కుళ్ళు ఎక్కువని అర్థం. కోస్టియా అనే మరొకటి అతి చిన్నది, మినుకుమినుకుమన్నట్టు కదులుతుంది. ఒంటి మీద బూడిదరంగు జిగురు పొర కట్టిన చేప మీద దీన్నే వెతకాలి. గైరోడాక్టిలస్ జలగలా సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది, దాని కడుపులో పిల్ల, ఆ పిల్ల కొక్కేలు కూడా కనిపిస్తాయి. డాక్టిలోగైరస్‌కు నాలుగు నల్లటి కంటి చుక్కలు ఉంటాయి. మొదటిసారి ఆ కొక్కేలు చూసినప్పుడు, చేప ఎందుకు అలా ఒళ్ళు రాచుకుంటోందో నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. ఒకటి రెండు జీవులు కనిపించడం మామూలే, అది చికిత్సకు కారణం కాదు. చూసిన ప్రతి చోటా ఐదారు ఉంటే అప్పుడు ఆలోచించాలి.

మోలీలు, గప్పీలు ఉన్నవాళ్ళు ఇంకొకటి గమనిస్తుండాలి. చేప కదలకుండా ఉన్నప్పుడు మలద్వారం నుంచి సన్నటి ఎర్రటి దారాలు బయటికి కనిపించి, ఈదగానే లోపలికి పోతే అది కమలానస్ పురుగు. దానికి ప్రాజిక్వాంటెల్ పనిచేయదు. లెవమిసోల్ హైడ్రోక్లోరైడ్ లీటరుకు 2 మిల్లీగ్రాములు, 24 గంటలు, లైటు ఆపి ఉంచాలి, వెలుతురుకు మందు పాడవుతుంది. మందు పురుగును చంపడం కంటే చచ్చుబడేలా చేస్తుంది, చేప దాన్ని బయటికి పంపేస్తుంది. కాబట్టి 24 గంటల తర్వాత నేలంతా సైఫన్ చేసి సగం నీళ్ళు మార్చకపోతే చేసిన పని వృథా. రెండు మూడు వారాలకు మళ్ళీ అదే చేయాలి. ఒక్క చేపలో కనిపించినా ట్యాంకు మొత్తానికి వేయాల్సిందే.

కంటికి కనిపించే పెద్దవి రెండున్నాయి, లంగరు పురుగు, చేప పేను. మీకు అవి లేవు కాబట్టి పొడిగించను. చెరువు నుంచి వచ్చిన చేపలతోనో మేతతోనో వస్తాయి. రెండూ రొయ్య జాతికి దగ్గరివి, కాబట్టి వాటిని చంపే మందు మీ రొయ్యలనూ చంపుతుంది. లంగరు పురుగును పట్టకారుతో లాగేటప్పుడు మొదలు దగ్గర పట్టుకోవాలి, తల లోపల తెగితే పుండవుతుంది. పైన కనిపించేవి లాగేసినంత మాత్రాన పోదు, పిల్లలు నీళ్ళలో ఉంటాయి.

గాజు మీద పాకే సన్నటి తెల్ల పురుగులు చూసి భయపడ్డానని చివర్లో రాశారు. అవి మురికి తినే పురుగులు, చేపల జోలికి రావు. మేత తగ్గించండి, అవే తగ్గుతాయి.

అంతా సర్దుకున్నాక కూడా ఆరు వారాల దాకా కొత్త చేపలు తేకండి. బతికిన చేపలకు ఇక్ మీద కొంత రోగనిరోధక శక్తి వస్తుంది, చుక్కలు కనిపించకుండానే మొప్పల్లో కొద్దిగా మిగిలి ఉండే అవకాశమూ ఉంది. కొత్తవి వచ్చి చేరితే వాటికి ఆ రక్షణ ఉండదు. కొత్త చేపలను కనీసం నాలుగు వారాలు విడిగా ఉంచండి, అడుగున గులకరాళ్ళు లేని చిన్న ట్యాంకు చాలు, స్పాంజ్ ఫిల్టర్, హీటర్ ఉండాలి. దానికి వల, సైఫన్ గొట్టం వేరుగా పెట్టుకోండి. తడి వల ఒక ట్యాంకులోంచి ఇంకో ట్యాంకులోకి ఇక్‌ను మోసుకెళ్తుంది. పూర్తిగా ఆరిన వల మోయదు.

రేపు అమ్మోనియా, నైట్రైట్ అంకెలు, ట్యాంకు వేడి, ఏంజెల్ తింటోందో లేదో రాయండి. మోలీలను ఎడమ వైపు నుంచి ఒక ఫోటో తీసి పెట్టుకోండి, ఎల్లుండి అదే వైపు నుంచి తీసినదాన్ని పక్కన పెట్టి చూద్దాం.